తెలుపు తెల్లగా చూపించే మానిటరు

మా బావని ఊళ్ళో అందరూ ఫోకస్ అంటారు. చాటుగా కాదు, మొహానే అంటారు, ఆయనా పలుకుతాడు. ఎవరు ఏం చూపించినా కళ్ళు చికిలించి, తల కాస్త వెనక్కి వంచి, "ఫోకస్ పోయింది" అనడం ఆయనకి అలవాటు. ఫోటోలు చూపిస్తే అదే మాట, వార్తాపత్రిక చేతికిస్తే అదే మాట. నేను స్కూలు వ్యాను కొనుక్కుని, పక్కన బడి పేరు పెద్దగా రాయించి చూపిస్తే, బాగుందనాల్సింది పోయి, "అక్షరాల అంచులు చూశావా మరదలా, ఫోకస్ లేదు" అన్నాడు. పెయింటు అక్షరాలకి ఫోకసేమిటి నీ తలకాయ అన్నాను. నవ్వేశాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత తేలికో, దాన్ని సాయంత్రం దాకా నిలబెట్టుకోవడం అంత కష్టం.

ఆయన పని పిక్చర్ ట్యూబులు బాగుచేయడం. ఇప్పటి పలచటి తెరలు రాకముందు టీవీలూ కంప్యూటర్ మానిటర్లూ వెనక పెద్ద గాజు బుర్ర వేసుకుని, ఇద్దరు పడితే గానీ లేవకుండా ఉండేవి కదా, వాటికి ఆయన వైద్యుడు. అచ్చాఫీసుల వాళ్ళు, ఫోటో స్టూడియోల వాళ్ళు ఆయన కోసం కబురు పెట్టేవారు. మానిటర్ ఎదురుగా గోడకి ఒక అద్దం ఆనించి, తను వెనక మూత తీసి కూర్చునేవాడు. కన్ను అద్దంలో, ఒక చెయ్యి మరల మీద, రెండో చెయ్యి జేబులో. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెలోంచి పోతుందట, అందుకని ఒక చెయ్యి ఎప్పుడూ జేబులోనే. మా ఇంట్లో టీవీ బాగుచేయడానికి వచ్చి మా అక్కని చూసి, ఆమెని చేసుకుంటానని మా నాన్నని అడిగింది కూడా ఒక చెయ్యి జేబులో పెట్టుకునే. వీడికింత పొగరేమిటని నాన్న నెల రోజులు ఊగిపోయాడు. అది పొగరు కాదు, వృత్తి అని అక్క నచ్చజెప్పాల్సి వచ్చింది.

పలచటి తెరలు వచ్చాక ఆయన పని మెల్లగా ఆగిపోయింది. దానికి పెద్దగా బాధపడలేదు. మూతపడిన అచ్చాఫీసు వాళ్ళు తమ పాత కంప్యూటర్‌ని పారేయబోతుంటే తెచ్చుకుని, ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద పెట్టుకున్నాడు. అది ఎంత పాతదంటే, అది పంపే సిగ్నల్ ఇప్పటి తెరలకి అందదు. తగిలిస్తే నల్లగా ఉండిపోతాయి. దానికి దాని కాలం నాటి గాజు బుర్ర మానిటరే కావాలి. బావ దగ్గర ఒకటి ఉండేది. రోజూ టీ తాగాక దాన్ని వేసుకుని, ఇటుకలు పగలగొట్టే ఆట ఆడుకునేవాడు. ఆట అయిపోతే తను రాసుకున్న పరీక్ష బొమ్మ ఒకటి తెర మీదికి తెచ్చుకుని, గీతలు నిటారుగా ఉన్నాయో లేదో, తెలుపు తెల్లగా ఉందో లేదో చూసుకుని తృప్తిపడేవాడు. ఎవరికీ ఏ హానీ లేని మనిషి.

ఒకరోజు పిల్లల్ని బడిలో దింపేసి అక్క ఇంటికి వెళ్ళేసరికి బల్ల మీద కంప్యూటర్ ఉంది, మానిటర్ లేదు.

"ట్యూబు పోయింది. పాత సామాన్లాయనకి ఇచ్చేశాను," అన్నాడు బావ.

అక్క కిటికీకి అవతలి పక్కన కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. తల ఎత్తకుండానే, "పోయింది ట్యూబు కాదు," అంది.

సంగతేమిటంటే, కొన్నాళ్ళుగా ముదురు నీలం దారం అందించమంటే బావ నల్లది ఇస్తున్నాడు. తెల్లది అడిగితే లేతపసుపుది ఇస్తున్నాడు. అక్క ఏమీ అనకుండా ఊరుకుని, కొత్త కళ్ళజోడు కొనుక్కుందురు గాని రండని ఆయన్ని కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయంది. కంట్లో కటకం పసుపెక్కి మసకబారిపోయింది, తీసేసి కొత్తది పెట్టాలి, ఆలస్యం చేసేకొద్దీ గట్టిపడి తీయడం కష్టమవుతుంది అని చెప్పింది. బావ అంతా విని, సంతకం పెట్టే చోట పెట్టకుండా లేచి ఇంటికొచ్చేశాడు. వచ్చి మానిటర్ అమ్మేశాడు.

"ఆవిడ నా కళ్ళలోకి లైటు కొట్టి మరీ చూసింది. లైటు కొడితే ఎవరి కళ్ళైనా మసకగానే ఉంటాయి," అని నాకు చెప్పాడు. "మసకబారింది ట్యూబు. పాతబడితే ట్యూబు ఏం చేస్తుంది? వెలుగు తగ్గుతుంది, అంచులు చెదురుతాయి, తెలుపు పసుపెక్కుతుంది. ఇదంతా నాకు కొత్తా? జీవితమంతా చూసిందే."

ఒళ్ళు మండింది గానీ ఆయన చెప్పింది నిజమే. పాత ట్యూబుకీ పాత కంటికీ వచ్చే రోగం ఒకటే. డాక్టరమ్మ ఏ లక్షణం చెప్పినా ఆయన దగ్గర దానికి మానిటర్ వైపు నుంచి ఒక జవాబు సిద్ధంగా ఉంది.

అక్క మిషన్ ఆపింది. "సరే, మీ మాటే నిజమనుకుందాం. ఊళ్ళో పాత మానిటర్లు ఇంకా ఉన్నాయి కదా. వెళ్ళి చూడండి. ఏ ఒక్కదాంట్లో అయినా బొమ్మ మీ కంటికి సరిగ్గా కనిపిస్తే ఆపరేషన్ మాట నేను మళ్ళీ ఎత్తను. కనిపించకపోతే మాత్రం కిక్కురుమనకుండా ఆస్పత్రికి రావాలి."

"ఒప్పుకున్నాను," అన్నాడు బావ, అప్పుడే గెలిచేసినట్టు.

"మరి నిజంగా చూశారో లేదో చెప్పేదెవరు?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఉదయం పిల్లల్ని దింపాక సాయంత్రం దాకా వ్యాను ఖాళీ. నేనూ ఖాళీ అని మా వాళ్ళ లెక్క.

బావ కంప్యూటర్‌కి దుప్పటి చుడుతుంటే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆయన చొక్కా ఒకటి తీసి చూపించింది. ఒక చెయ్యి అంచంతా కాలి నల్లబడి ఉంది. "పొయ్యి మీద నీలం మంట ఆయనకి కనబడలేదే. వెలగలేదనుకుని చెయ్యి పెట్టబోయారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది," అంది. చొక్కాని మడిచి డబ్బాల వెనక దాచేసింది. అక్కకి భయమేస్తే నేను తట్టుకోలేను, అదెప్పుడూ భయపడే మనిషి కాదు.

మొదట పాత సామాన్లాయన గోడౌన్‌కి వెళ్ళాం. లోపల తుప్పు వాసన, విరిగిన కుర్చీలు, తలుపుల్లేని బీరువాలు. ఆయన మాకోసం ఒక బల్ల ఖాళీ చేసి, తళతళా తుడిచిన మానిటర్ ఒకటి తెచ్చి పెట్టాడు. "నా దగ్గర ఉన్నవాటిలో ఇదే బంగారం," అన్నాడు.

బావ దాన్ని చూసే తీరు చూడాలి. ముందు చుట్టూ తిరిగాడు. వెనక చిల్లుల దగ్గర ముక్కు పెట్టి కాలిన వాసన ఉందేమోనని చూశాడు. గాజు మీద వేలితో తట్టి విన్నాడు. తర్వాత కంప్యూటర్ తగిలించి పరీక్ష బొమ్మ వేశాడు. జేబులోంచి తెల్ల అట్టముక్క తీసి తెర పక్కన పెట్టాడు. తెలుపు తెలుపో కాదో తేల్చడానికి ఆయన ఎప్పుడూ వాడేది ఆ అట్టే.

చూసి చూసి, "అట్ట కూడా పసుపెక్కిందే," అన్నాడు.

పాత సామాన్లాయన లోపలికెళ్ళి కొత్త కాగితాల కట్ట విప్పి, పైదొకటి తెచ్చిచ్చాడు. బావ దాన్నీ వెలుతురులో పట్టుకుని చూశాడు. "ఈ మధ్య కాగితాలు కూడా తెల్లగా రావట్లేదు," అని పక్కన పెట్టేశాడు.

నాకు తెర మీద బొమ్మ నిక్షేపంలా కనిపిస్తోంది. గీతలు సన్నగా, అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

"నీకేం తెలుసు మరదలా. ఫోకస్ పోయింది. ట్యూబు అయిపోయింది. దీన్ని వాడినవాడెవడో గానీ పద్ధతీ పాడూ లేని మనిషి. వెలుగు ఎప్పుడూ చివరిదాకా పెట్టి వాడుంటాడు. ట్యూబుని చంపేశాడు."

పాత సామాన్లాయన గొంతు సవరించుకున్నాడు. "ఇది మీదేనండీ."

"ఏది?"

"ఈ మానిటరు. మొన్న మీరే ఇచ్చారు కదా. కాస్త తుడిచానంతే."

నేను నవ్వు ఆపుకోలేక వ్యాను తాళాలు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాను. బావ చెయ్యి జేబులో పెట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. "అందుకే కదా ఇచ్చేసింది," అని బయటికి నడిచాడు. తన చేతిలో అన్నేళ్ళున్న పెట్టెని గుర్తుపట్టలేదన్న సంగతి ఆయనకి తట్టిందో లేదో గానీ, దారిలో మాత్రం ఆ తెల్ల అట్టనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అక్కకి చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "సొంత మానిటర్నే పోల్చుకోలేదా," అని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

రెండోసారి వెళ్ళింది ఒకప్పటి ఇంటర్నెట్ సెంటరుకి. దాని యజమానురాలు ఇప్పుడు జిరాక్స్ తీస్తూ, వెనక గదిలో పాత మానిటర్లన్నిటికీ గుడ్డలు కప్పి ఉంచుకుంది. ఎందుకుంచుకున్నావమ్మా అంటే, పారేయబుద్ధి కావట్లేదంది. బావకి ఆవిడ తెగ నచ్చేసింది. ఈసారి ఆయన ధోరణే వేరు. వాసన చూడ్డం లేదు, తట్టడం లేదు, అట్ట జేబులోంచి తీయనేలేదు. మొదటి మానిటర్‌కే కంప్యూటర్ తగిలించి, "ఆహా. ఇదీ మానిటరంటే," అన్నాడు.

బొమ్మ ఇంకా రాకముందే అన్నాడు. నాకు అనుమానం వచ్చింది.

"చదివి చూపించు బావా. కింద చిన్న అక్షరాల వరసలున్నాయి కదా, అవి."

"ఓ, దానికేం," అని కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని, బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడా తడుముకోవడం లేదు. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. నేను నోరెళ్ళబెట్టాను. నిజంగానే ట్యూబుదే తప్పేమో, ఆ డాక్టరమ్మ తొందరపడిందేమో అనిపించింది. లోపలెక్కడో సంతోషం కూడా వేసింది.

జిరాక్స్ ఆవిడ మాత్రం తెర వైపూ బావ వైపూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమీ అనుకోకండి," అంది చివరికి. "మీరు చదివే వరస ఇంకా రాలేదండీ."

అప్పుడు చూశాను. ఆ కంప్యూటర్ ముసలిది కదా, బొమ్మని ఒక్కసారిగా వేయలేదు. పైనుంచి ఒక్కో గీతా గీసుకుంటూ దిగుతుంది. అది ఇంకా రెండో వరస దగ్గర కుస్తీ పడుతోంది. బావ ఆఖరి వరస పూర్తిచేసి చేతులు దులుపుకున్నాడు. ఆ బొమ్మ రాసింది ఆయనే, అక్షరాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. తెర అక్కడుందన్నమాటే గానీ ఆయన చూసింది దాన్ని కాదు.

మళ్ళీ వ్యానులో కూర్చున్నాక నేను ఊరుకోలేదు. ఆ జిరాక్స్ ఆవిడ ముందు నా పరువు తీశావన్నాను. కాటికి కాళ్ళు చాపుకున్న మానిటర్లని ఎత్తీ దించీ నా నడుం విరిగిందన్నాను. పందెంలో దొంగాట ఆడే మనిషివి అనుకోలేదన్నాను. అన్నీ విని, "అక్షరాలదేముంది, అక్షరాలు గుమస్తాలకి," అన్నాడు. "మానిటర్ అంటే రంగు. తెలుపు తెల్లగా చూపించిందా లేదా, అదీ పరీక్ష. మీ అక్కకి చెప్పు, తెలుపు మీద తేల్చుకుందాం."

అక్క విని విసుగ్గా చెయ్యి ఊపింది. "ఏదో ఒకదాని మీద తేల్చుకోమను. రోజులు గడుస్తున్నాయి."

మూడో మానిటర్ ఫోటో స్టూడియో ఆయన ఇచ్చాడు. బావ అంటే గౌరవం ఆయనకి, ఇంటికే తీసుకెళ్ళి చూసుకోమన్నాడు. అది మామూలు మానిటర్ కాదు, రంగులు సరిచూసుకోవడానికి స్టూడియోలో వాడేది. తెర కింద చిన్న సొరుగు లాంటిది ఉంది. లాగితే ఎరుపుకీ ఆకుపచ్చకీ నీలానికీ విడివిడిగా బొడిపెలు. దాన్ని లోపలికి మోయడానికి నేనూ అక్కా, ఎదురింటి కండక్టరు గారూ పట్టాల్సి వచ్చింది. బావ ముందు నడుస్తూ, "జాగ్రత్త, జాగ్రత్త" అనే బరువైన పని చూసుకున్నాడు.

తర్వాత తలుపు వేసుకున్నాడు. కిటికీ తెర లాగేసుకున్నాడు. లోపలినుంచి బొడిపెలు తిప్పుతున్న చప్పుడు, మధ్యమధ్య ఆయన గొణుగుడు. మేము వంటింట్లో కూర్చుని టీ పెట్టుకున్నాం, తాగాం, మళ్ళీ పెట్టుకున్నాం. ఎట్టకేలకి తలుపు తెరుచుకుంది. బావ మొహం వెలిగిపోతోంది. చాలా రోజుల తర్వాత ఆ మొహం అలా చూశాను.

"రండి, వచ్చి చూడండి. పాలలా ఉంది తెలుపు."

వెళ్ళాం. గుమ్మంలోనే ఆగిపోయాం.

గదంతా నీలం. తెర నీలం, గోడ నీలం, బల్ల మీది గ్లాసు నీలం. ఎవరో సిరా బుడ్డి గదిలో ఒలకబోసినట్టుంది. పక్కకి తిరిగి చూస్తే అక్క నెరిసిన జుట్టు నీలం, ముక్కు నీలం. నా చేతులు చూసుకుంటే నాకే భయమేసింది. ఆ నీలం మధ్యలో నిలబడి, నీలం పళ్ళతో నవ్వుతున్నాడు మా బావ.

"ఎలా ఉంది?"

నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది.

"మీకెలా ఉంది?" అని అడిగింది ఆయన్ని.

"చెప్పాను కదా. తెల్లగా, శుభ్రంగా. ఇన్నాళ్ళకి ఒక తెలుపు కనిపించింది నాకు. లోకంలో ఒక్క మంచి ట్యూబైనా మిగిలే ఉందని చెప్పానా లేదా?" తెర మీద అరచెయ్యి ఆనించాడు. "నాకేం కాలేదే. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

అక్క కాసేపు ఆ తెర వైపే చూసింది. "సరే. ఓడిపోయాను," అంది.

వంటింట్లోకి రాగానే నేను విరుచుకుపడ్డాను. నీకేమైనా మతిపోయిందా అక్కా, నీలిమందులో ముంచినట్టుంటే ఓడిపోయానంటావేమిటి అన్నాను. అది పొయ్యి వైపు తిరిగి నిలబడింది. "చూశావు కదా, ఎంత సంతోషంగా ఉన్నారో. ఆ మొహం చూస్తూ నీలమని నేనెలా చెప్పనే. నా వల్ల కాలేదు," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు దాన్ని కొట్టాలనీ అనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. బడి వదిలే వేళ అవుతోంది. ఏదీ చేయకుండా వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇంజను వేస్తుంటే పక్క తలుపు తెరుచుకుంది. బావ ఎక్కాడు. చెప్పుల్లేవు, చేతిలో అంటించే టేపు చుట్ట ఉంది.

పని పూర్తయ్యాక బొడిపెలు కదలకుండా వాటిమీద టేపు ముక్క వేయడం ఆయన పాత అలవాటు. ఎవరో ఒకరు తిప్పి పాడుచేస్తారని ఆయన భయం. ఇప్పుడూ ఆ టేపు వేయడానికే సొరుగు లాగి, బొడిపెల మీద గీతలు ఎటున్నాయో వేలితో తడిమాడట. అలా తడమడం ఆయనకి కళ్ళతో పని లేని విద్య. ఎరుపూ ఆకుపచ్చా మొదట్లోనే ఉన్నాయి. నీలం చివరికంటా తిరిగి ఉంది. పసుపుని విరవడానికి ఆయన కంటికి అంత నీలం కావాల్సి వచ్చింది.

"ఏ ట్యూబూ అలా ఉండదు," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "ఎంత చచ్చిన ట్యూబైనా సరే, మూడూ అంత ఎడంగా పెట్టాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. నిజం చెప్పు మరదలా. నీలంగా ఉందా?"

"ఉంది బావా."

"ఎంత?"

"మా వ్యాను పిల్లల యూనిఫారం అంత."

"మీ అక్కకి కనిపించిందా?"

"కండక్టరు గారు వాళ్ళ వరండాలోంచి చూసి, మీ ఇంట్లో పోలీసు జీపు లైటేమైనా పెట్టారా అని అడిగారు. అక్కకి కనిపించకుండా ఉంటుందా?"

ఆయన నవ్వలేదు. "మరి ఓడిపోయానందేమిటి?"

జవాబు ఆయనకీ తెలుసు కాబట్టి నేను చెప్పలేదు. బండి పోనిచ్చాను. దిగమని నేను అనలేదు, దిగుతానని ఆయన అనలేదు. బడి దగ్గర పిల్లలు బిలబిలా ఎక్కి, ముందు సీటు ఖాళీ లేదని గోల పెడితే, ఆయన లేచి వెనక పిల్లల సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. సంచుల మధ్య, నీళ్ళ సీసాల మధ్య ఇరుక్కుని ఊరంతా నాతో తిరిగాడు. ఆఖరి పాప దిగిపోయాక అక్కడినుంచే మాట్లాడాడు.

"నాకు భయమే."

అద్దంలో ఆయన్ని చూశాను.

"ఆ డాక్టరమ్మ మంచిదే. పనిమంతురాలే అయ్యుంటుంది. నేనూ పనిమంతుణ్ణే కదా. అయినా నా చేతిలో ఎన్ని ట్యూబులు పోయాయో నీకు తెలీదు. అంతా సవ్యంగానే చేస్తున్నామనుకుంటాం. స్క్రూడ్రైవరు ఇంత జారుతుంది. టప్పుమని ఒక చిన్న చప్పుడు. అయిపోయింది. ట్యూబు పోతే ఇంకో ట్యూబు వేసేవాణ్ణి. దీనికేం వేస్తారు చెప్పు. చీకట్లో కూర్చుని మీ అక్క మిషన్ చప్పుడు వింటూ బతకాలా నేను?"

వ్యాను పక్కకి ఆపి, వెనక్కి వెళ్ళి, ఎదురుగా ఇంకో చిన్న సీట్లో కూర్చున్నాను. నా మోకాళ్ళూ గడ్డానికి తగిలాయి.

"ఇప్పుడు మాత్రం ఏం చూస్తున్నావు బావా," అన్నాను. "ఆ మంట కూడా కనబడక చెయ్యి పెట్టబోయావట. అక్క ఎప్పుడూ నీ పక్కనే ఉంటుందా?"

ఆయన టేపు చుట్టని అటూ ఇటూ తిప్పాడు. "మీ అక్కతో నువ్వేం చెప్పకు. నేనే చెప్తాను," అన్నాడు.

ఏం చెప్పాడో నాకు తెలీదు. నేను ఆయన్ని గుమ్మం దగ్గర దింపేసి ఇంటికొచ్చేశాను. మర్నాడు పిల్లల్ని దింపేసి వెళ్ళేసరికి ఇద్దరూ తయారై వీధిలో నిలబడి ఉన్నారు. ఆస్పత్రికే.

డాక్టరమ్మది మా అక్కకి కూతురయ్యే వయసు. బావ కుర్చీలో కూర్చోగానే, నమస్కారమైనా పెట్టకుండా, "మీ చేతిలో ఎన్ని పాడయ్యాయమ్మా?" అని అడిగాడు. అక్క నెత్తి కొట్టుకుంది. నేను గోడమీది కన్ను బొమ్మని చదవడం మొదలుపెట్టాను.

డాక్టరమ్మకి కోపం రాలేదు. కాస్త ఆలోచించుకుంది. "కొన్ని ఇబ్బంది పెట్టాయండి," అంది. "లోపల పొర చిరిగినవి ఉన్నాయి. వాటిని మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. ఒకామెకి మాత్రం నేను అనుకున్నంత చూపు రాలేదు. ఇప్పటికీ ఆమె వచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది."

బావ తల ఊపాడు. మా వైపు తిరిగి, ఆవిడ అక్కడ లేనట్టుగా, "ఒక్కటీ పాడవలేదని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి," అన్నాడు.

ఇక అక్కడినుంచి మొదలయ్యాయి ప్రశ్నలు. కొత్త కటకం గాజుదా, ప్లాస్టిక్‌దా. కొన్నాళ్ళకి అదీ పసుపెక్కుతుందా. అంచులు చెదురుతాయా. ఒక కన్ను ముందు చేసి, రెండోది తర్వాత చేస్తే, రెండు కళ్ళకీ తెలుపు ఒకేలా కుదురుతుందా. బయట వరసలో కూర్చున్న వాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు. డాక్టరమ్మ ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివరికి తనే ఒక ప్రశ్న వేసింది.

"ఈ కటకం ఏదో ఒక దూరానికే బాగా చూపిస్తుందండి. మిగతా దూరాలకి కళ్ళజోడు వాడుకోవాలి. మీకు ఎంత దూరంలో ఉన్నది స్పష్టంగా కనబడాలో చెబితే దానికి సరిపోయేది ఎంచుతాను. వీధి చివరా, పుస్తకమా, మధ్యలోదా?"

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఊళ్ళో ఏ మానిటరూ నచ్చని మనిషి. ఇది ఈ పూటకి తేలదనుకున్నాను.

బావ జేబులోంచి చెయ్యి తీశాడు. పక్క కుర్చీలో ఉన్న అక్క వైపు తిరిగి, ఆ చెయ్యి నిటారుగా చాపాడు. వేళ్ళ చివర్లు ఆమె చెంపకి తగిలాయి.

"ఇంత," అన్నాడు.

అక్క మొహం ఎర్రబడిపోయింది. "డాక్టరమ్మ ముందు ఏమిటండీ ఇది," అంది గానీ చెంప పక్కకి తీసుకోలేదు.

డాక్టరమ్మ కొలత టేపు తెచ్చి ఆ దూరం కొలుచుకుంది. బల్ల మీద మానిటర్ కూడా సరిగ్గా అంత దూరంలోనే ఉంటుందని నాకు తెలుసు, అక్కకీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.